కింది వాటాలో అద్దెకున్న అమ్మాయి

వైశాలి, గాజియాబాద్
20 ఆగస్టు 1995

అన్నపూర్ణ వదినకి,

లలిత నమస్కారాలు. మీ కార్డు అందింది. అన్నయ్యగారి మోకాలు కాస్త నయమైందని చదివి సంతోషించాం.

ఒక పని మీద ఈ ఉత్తరం. వచ్చే జనవరికి మన కాలనీ అసోసియేషన్ పెట్టి అయిదేళ్ళవుతుంది. చిన్న పుస్తకం వెయ్యాలని ప్రెసిడెంటు సదాశివరావుగారు తీర్మానించారు. సెక్రటరీని నేను కాబట్టి చరిత్ర రాయడం నా నెత్తిన పెట్టారు. రిటైరైనా ఆయన ఇంకా సెక్రటేరియట్‌లో ఉన్నట్టే ఉంటారు. ప్రతి విషయం కాగితం మీద ఉండాలి, దాని కింద సంతకం ఉండాలి.

మొదలుపెట్టాను. మనం వచ్చిన కొత్తలో చుట్టూ ఆవ చేలు, మధ్యలో ఈ నాలుగంతస్తుల బ్లాకులు, కుళాయి తిప్పితే గాలి. ఇంతవరకు నాకు గుర్తుంది. కానీ అసోసియేషన్ పెట్టాలన్న మాట ముందు ఎవరి నోట వచ్చింది? అశోకా రోడ్ క్యాంటీన్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర మీరే అన్నారని మా ఆయన అంటారు. సదాశివరావుగారేమో తానే అన్నానంటారు. మీకేం గుర్తుందో రాయండి.

మీ కిరీటి పేరు కూడా రాస్తున్నాను. ట్యాంకరు వచ్చినప్పుడల్లా పై అంతస్తు ముసలమ్మకి బకెట్లు మోసి ఇచ్చేవాడు కదా. ఆవిడ ఇప్పటికీ వాడెక్కడని అడుగుతుంది, "వో లడ్కా కహాఁ హై?" అని. బొంబాయిలో వాడూ కోడలూ ఎలా ఉన్నారు? పెళ్ళికి రాలేకపోయాను. ఆ వారమే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి కాలనీ అంతా చీకట్లో ఉంది. ఫొటోలు పంపుతామన్నారు, పంపనే లేదు.

మీ ఫ్లాట్‌లో దిగిన వాసవి నెమ్మదిగా ఉంటుంది. లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంటెన్సీ చెబుతుందట. తెలుగమ్మాయే కదా అని గిన్నెలో పప్పుచారు పంపాను. మర్నాడు గిన్నె తోమి తెచ్చి ఇచ్చింది. గుమ్మం బయటినుంచే వెళ్ళిపోయింది. మీకెలా తెలిసినవాళ్ళు?

ఉంటాను.
లలితకుమారి


హైదరాబాద్
9 సెప్టెంబరు 1995

లలితా,

నీ ఉత్తరం చదువుతుంటే ఆ రోజులన్నీ కళ్ళముందుకు వచ్చాయి. అశోకా రోడ్ సంగతి సదాశివరావుగారిదే అని రాసెయ్యి. ఆయనకి అది ముఖ్యం, నాకు కాదు. నిజానికి ఆ మాట ఎవరూ అనలేదు. నలుగురం సాంబారులో అన్నం కలుపుకుంటూ, ఎవరింట్లో ఎన్ని బిందెలు నిండాయో చెప్పుకుంటున్నాం. అప్పుడు మీ ఆయన, "ఈ మాటలేవో ఆ నీళ్ళ ఇంజినీరు దగ్గరికెళ్ళి చెబితే పోలా?" అన్నాడు. అందరం ఆ సాయంత్రమే వెళ్ళాం. ఆయన సీట్లో లేడు. మర్నాడు వెళ్ళాం. అప్పుడూ లేడు. అలా వెళ్ళడమే అసోసియేషన్ అయింది.

పార్కు సంగతి మరిచిపోకు. బిల్డింగులు కట్టిన వాళ్ళు వదిలేసిన ఇటుక ముక్కలూ సిమెంటు గడ్డలూ ఆదివారం ఆదివారం తట్టలతో మోశాం. మా ఎదురు ఫ్లాట్ త్యాగీజీ తలపాగా చుట్టుకుని పాట పాడుతూ పలుగు పట్టేవాడు. "మేడమ్, ఇది మా తాతల పొలం, నాకు దీని నడుం ఎక్కడుందో తెలుసు" అనేవాడు. ఆయన లేకపోతే ఆ పార్కు లేదు.

బస్సు స్టాపు కోసం ఆడవాళ్ళందరం సంతకాలు చేశాం. అది కూడా రాయి.

కిరీటి పేరు రాయకపోయినా పరవాలేదు. అందరి పిల్లలూ మోశారు.

వాసవి తెలిసినవాళ్ళ అమ్మాయి. మంచిది. పలకరిస్తూ ఉండు. ప్రశ్నలు మాత్రం వెయ్యకు.

అన్నపూర్ణేశ్వరి


వైశాలి
15 అక్టోబరు 1995

వదినకి నమస్కారాలు.

మీరు రాసినవన్నీ చరిత్రలో చేర్చాను. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

కిందటి కమిటీ మీటింగులో మీ ఫ్లాట్ సంగతి వచ్చింది. వాసవి దగ్గరికి ఆదివారాలు స్టూడెంట్లు వస్తున్నారు. మగపిల్లలూ ఉన్నారు, ఆడపిల్లలూ ఉన్నారు. పరీక్షలు దగ్గర పడ్డాయి, డౌట్లు చెప్పించుకోవడానికి వస్తున్నారట. కిటికీలోంచి చూస్తే నల్లబల్ల కనిపిస్తుంది. నాకు దాంట్లో తప్పేమీ కనిపించలేదు. కానీ ఎదురు ఫ్లాట్ త్యాగీజీ, "ఒంటరి లడ్కీ, మొగుడు లేడు, తల్లీతండ్రీ లేరు, ఈ లడ్కే లోగ్ ఎవరు?" అని లేచారు. ఇంకో ఇద్దరు వంత పాడారు. ఇంటింటా స్టూడెంట్లకి గదులు అద్దెకిచ్చే లక్ష్మీ నగర్ పద్ధతి ఇక్కడికి వచ్చేస్తుందని వాళ్ళ భయం.

పెళ్ళికాని వాళ్ళకి, ఒంటరివాళ్ళకి ఫ్లాట్లు అద్దెకివ్వకూడదని తీర్మానం తేవాలంటున్నారు. జనరల్ బాడీలో పెడతారు. ఆ లోపల మీరే నోటీసు ఇచ్చేస్తే ఎవరికీ మాట రాకుండా పోతుందని సదాశివరావుగారి ఆలోచన. నాకూ అదే మేలనిపిస్తోంది. ఆ అమ్మాయికి వేరే చోటు దొరక్కపోదు. ఏమీ అనుకోకండి, కాలనీ అన్నాక అందరినీ చూసుకోవాలి.

ఆమె పెళ్ళయిందా కాలేదా అన్నా మీరు రాస్తే నేను కమిటీకి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

లలిత


హైదరాబాద్
2 నవంబరు 1995

లలితా,

వాసవి ఖాళీ చెయ్యదు. ఆ ఫ్లాట్ నా పేరు మీద ఉంది. నా జీతంతో కొన్నాను. అద్దె సక్రమంగా వస్తోంది, గోడలు శుభ్రంగా ఉన్నాయి. చదువు చెప్పడం తప్పని నేను ఎక్కడా వినలేదు.

ఆమెకు పెళ్ళయిందో లేదో కమిటీకి ఎందుకు? మనం ఇంజినీరు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నది నీళ్ళ కోసం. ఎవరి గుమ్మంలో ఎవరు చెప్పులు విడిచారో చూడటానికి కాదు. ఈ ముక్క నువ్వే వాళ్ళకి చెబుతావనుకున్నాను.

మీ అన్నయ్యగారు బాగానే ఉన్నారు.

అన్నపూర్ణేశ్వరి


వైశాలి
26 నవంబరు 1995

శ్రీమతి అన్నపూర్ణేశ్వరి గారికి,

మీ ఉత్తరం కమిటీ ముందు పెట్టాను. నా మీద కోపంతో రాసిన వాక్యాలు మాత్రం చదవలేదు.

మీరు దూరంగా ఉన్నారు. ఉత్తరం రాసి కవరు అంటించేస్తే అయిపోతుంది. నేను రోజూ ఈ మెట్లు ఎక్కి దిగాలి. పాలబూత్ దగ్గర నన్ను నిలబెట్టి అడిగేవాళ్ళకి జవాబు చెప్పాలి. జీతం లేని పని ఇది. మీకు తెలియనిది కాదు.

మీరు ఒప్పుకోకపోవడంతో సదాశివరావుగారు కిరీటికి ఉత్తరం రాశారు. బొంబాయి వెళ్ళేటప్పుడు వాడు ఆఫీసు అడ్రసు ఇచ్చి వెళ్ళాడట. అద్దెకున్న అమ్మాయి పేరు, పనిచేసే చోటు అన్నీ రాసి, మీ అమ్మగారికి నచ్చజెప్పమని కోరారు. ఈపాటికి అంది ఉంటుంది. పెద్దవాళ్ళు వినకపోతే పిల్లలకి చెప్పడం మామూలే కదా, మీరు వేరుగా అనుకోకూడదు.

ఇట్లు
లలితకుమారి
కార్యదర్శి


తంతి
హైదరాబాద్, 2 డిసెంబరు 1995

లలితకుమారికి. వాసవిని వెంటనే మీ ఇంటికి తీసుకెళ్ళు. కిరీటి వస్తే చూపించవద్దు. ఉత్తరం వస్తోంది. అన్నపూర్ణ.


హైదరాబాద్
2 డిసెంబరు 1995

లలితా,

తంతి ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. ఈ టపాకే అందించాలని తొందర. అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

వాసవి నా కోడలు. పెళ్ళి కార్డు మీద నువ్వు చూసిన లక్ష్మీకుమారి ఆ పిల్లే. వాసవి అన్నది పుట్టింట్లో పిలిచే పేరు. నీకు ఫొటోలు ఎందుకు పంపలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కిందటి ఏప్రిల్‌లో నేను బొంబాయి వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళాను, సంతోషిస్తారు కదా అని. తలుపు తీసింది. ఎడమ చెయ్యి పైకెత్తలేకపోతోంది. బాత్రూములో జారానంది. నేను నమ్మాను. రెండో రోజు సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువైందని నా కళ్ళెదుటే వాడు కంచం విసిరాడు. తరవాత లేచి వెళ్ళి ఆ చెయ్యే పట్టుకుని మెలితిప్పాడు. ఆ పిల్ల అరవలేదు. నేను అరిచాను. వాడు నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వు మధ్యలో రాకు" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. నన్ను భయపెట్టింది ఆ మామూలుతనమే.

నువ్వు వాడిని బకెట్లు మోసిన పిల్లవాడిగా రాశావు. అబద్ధం కాదు. వాణ్ణి కన్నది నేను, ఆ మంచితనం నాకూ తెలుసు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం నాకు తెలియదు.

నేను వచ్చేశాక ఆ పిల్ల పుట్టింటికి వెళ్తే వాళ్ళ నాన్న మర్నాటి రైలుకే తిరుగు టిక్కెట్టు కొన్నాడట. స్టేషన్లో రైలు ఎక్కకుండా నాకు ఫోన్ చేసింది. బీకాం ఫస్ట్ క్లాసు, పాఠం చెప్పడం వచ్చు. ఢిల్లీ వెళ్తావా అన్నాను. తాళంచెవి ఇచ్చాను. ఎవరికీ చెప్పవద్దని ఆ పిల్ల నా చేత ఒట్టు వేయించుకుంది. మీ అన్నయ్యగారికి కూడా తెలియదు. అద్దెకిచ్చామనే అనుకుంటున్నారు. నిన్నే నమ్మలేదా అని నీకు అనిపిస్తుంది. నమ్మకం లేక కాదు. చెబితే అది నా నోటితో నా కొడుకు గురించి చెప్పడం. అది చేతకాలేదు.

వాడికి ఆ పిల్ల ఎక్కడుందో తెలియదు, ఇప్పటిదాకా.

అన్నపూర్ణ


వైశాలి
17 డిసెంబరు 1995

వదినా,

వాసవి క్షేమం. ముందు అది చెప్పి మిగతాది రాస్తాను.

తంతి రాగానే కిందికి వెళ్ళి తలుపు కొట్టాను. కాగితం చూపించాను. చదివి, "రెండు నిమిషాలు ఆంటీ" అంది. ఒక సంచీ, పుస్తకాలు తీసుకుని తాళం వేసి నా వెనకాలే మెట్లెక్కింది. మీ ఉత్తరం అందేవరకు నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. అందాక కూడా అడగలేదు. మా ఆయనకి మాత్రం చెప్పాను.

నిన్న శనివారం మధ్యాహ్నం కిరీటి వచ్చాడు. సదాశివరావుగారే వెంటబెట్టుకుని పైకి వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "లలితగారూ, మన సమస్య తీరింది. ఓనరు గారి అబ్బాయి స్వయంగా వచ్చాడు. ఆ టెనెంటు ఎక్కడ?" అన్నారు.

కిరీటి నాకు దణ్ణం పెట్టాడు వదినా. కాస్త ఒళ్ళు చేశాడు. "ఆంటీ, కింద తాళం ఉంది. ఆమె మీ దగ్గర ఉందని చౌకీదారు చెప్పాడు. పిలవండి, తీసుకెళ్తాను" అన్నాడు.

"టెనెంటుని నువ్వెక్కడికి తీసుకెళ్తావయ్యా?" అన్నారు సదాశివరావుగారు.

"ఆమె నా భార్య అంకుల్."

ఆయన నా వైపు చూశారు. నేను తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాను. లోపలి గదిలో వాసవి ఉంది. "ఆమె రానంటోంది కిరీటీ. నువ్వు వెళ్ళు" అన్నాను.

"అది ఆమె చెప్పాలి. మీరు కాదు. ఇది మా ఇంటి విషయం. మీకేం సంబంధం?" గొంతు పెద్దదయింది. పైవాళ్ళూ కిందివాళ్ళూ తలుపులు తీశారు. త్యాగీజీ మెట్ల మలుపులో వచ్చి నిలబడ్డారు.

అప్పుడు వాసవి బయటికి వచ్చింది. నేను వద్దంటున్నా వినలేదు. నా పక్కన నిలబడి, అందరికీ అర్థం కావాలని కాబోలు, వెళ్ళనని హిందీలో చెప్పింది. "మై నహీఁ జాఊఁగీ. నా ఎడమ చెయ్యి ఇంకా భుజం దాటి లేవదు. బోర్డు మీద రాసేది కుడి చేత్తో కాబట్టి ఉద్యోగం చేసుకోగలుగుతున్నాను. ఆ చేతిని కూడా ఇవ్వలేను."

కిరీటి ఒక అడుగు ముందుకు వేశాడు. నాకు భయమేసింది. నిజం చెప్తున్నాను, వాడు నన్ను తోసేస్తాడనుకున్నాను.

"ఆగు బాబూ" అన్నారు సదాశివరావుగారు. ఆఫీసులో ఫైలు వెనక్కి పంపేటప్పటి గొంతు అది. "ఇది ఎవరి ఫ్లాట్? మీ అమ్మగారిది. అందులో ఎవరుండాలో ఆవిడ రాతపూర్వకంగా చెప్పారు. ఆ కాగితం నా దగ్గర ఉంది. నీకు ఇక్కడ లోకస్ లేదు, అడిగే హక్కు లేదు."

"అమ్మకి బుద్ధి లేదు అంకుల్. మీరే కదా నాకు ఉత్తరం రాశారు?"

"రాశాను" అన్నారాయన. "తెలియక రాశాను. ఇప్పుడు తెలిసింది."

త్యాగీజీ మెట్లెక్కి వచ్చి కిరీటి భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఎంతుంటుందో మీకు తెలుసు. "బేటా, చలో నీచే. చాయ్ పియేంగే. ఉస్కే బాద్ మై తుమ్హే స్టేషన్ ఛోడ్ దూఁగా" అన్నారు. చాయ్ తాగాక స్టేషన్లో దింపుతానని, నెమ్మదిగానే. కిరీటి అందరి ముఖాలూ చూశాడు. బకెట్లు మోసిన రోజులనుంచి వాణ్ణి ఎరిగినవాళ్ళే అందరూ. ఏదో అనబోయి మానేసి కిందికి దిగాడు. త్యాగీజీ స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదే ఉండి వచ్చారట.

వాడు వెళ్ళాక వాసవి లోపలికి వెళ్ళి కూర్చుంది. తరవాత రేపటి పాఠం తయారుచేసుకోవాలని పుస్తకం తీసింది.

నవంబరులో మీకు కార్యదర్శి అని సంతకం పెట్టి రాసిన ఉత్తరం దయచేసి చింపెయ్యండి.

లలిత


హైదరాబాద్
3 జనవరి 1996

లలితా,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నాకు ముందే చెప్పి ఉంటే వాడికి నేను నచ్చజెప్పేవాణ్ణి" అన్నారు. తరవాత, "అయినా ఇల్లు దాటిన ఆడపిల్లకి ఇల్లు ఇవ్వడం ఏమిటి?" అన్నారు. ఆ రెండు మాటలూ ఒకే మనిషి ఒకే ఊపిరిలో ఎలా అనగలడో నాకు ఇన్నేళ్ళకీ తెలియలేదు. అప్పటినుంచి ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు.

కిరీటి ఫోన్ చేశాడు. "నువ్వు నాకు అమ్మవా, దానికి అమ్మవా?" అని అడిగాడు. "డాక్టరు దగ్గరికి వెళ్ళు, ఎవరితోనైనా మాట్లాడు, నేనూ వస్తాను" అన్నాను. పెట్టేశాడు.

నీ నవంబరు ఉత్తరం ఎప్పుడో చింపేశాను. వాసవిని కిందికి వెళ్ళనిచ్చావా? కిటికీలకి గొళ్ళాలు సరిగా పడతాయో లేదో చూడు.

అన్నపూర్ణ


వైశాలి
28 జనవరి 1996

వదినా,

కిందటి ఆదివారం జనరల్ బాడీ జరిగింది. పార్కులో షామియానా వేశాం. ఎండ బాగా కాసింది, అందుకని జనం ఎక్కువే వచ్చారు. నేను చరిత్ర చదివాను. నీళ్ళు, దీపాలు, బస్సు స్టాపు, పార్కు. చప్పట్లు కొట్టారు. చదువుతుంటే నాకే అది వేరే ఎవరిదో కాలనీలా అనిపించింది.

తరవాత తీర్మానం. జరిగినదంతా తెలుసు కాబట్టి ఇక దాన్ని ఎత్తరనుకున్నాను. ఎత్తారు. కాకపోతే సవరించారు. ఒంటరివాళ్ళకి అద్దెకివ్వకూడదు, అయితే వాసవి విషయంలో ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా మినహాయింపు. సదాశివరావుగారు దాన్ని చాలా జాగ్రత్తగా రాసుకొచ్చారు. ఆయన ఉద్దేశం మంచిదే. పాపం, డిసెంబరు నుంచి ఆయన వాసవిని చూసినప్పుడల్లా లేచి నిలబడుతున్నారు.

అందరూ తలలూపుతున్నారు. వాసవి వెనక వరసలో కూర్చుని ఉంది. లేచింది.

"నాదొక ప్రశ్న. నా భర్త నన్ను కొట్టాడు కాబట్టి నేను ఇక్కడ ఉండవచ్చు. కొట్టకపోయి ఉంటే?"

సదాశివరావుగారు కాగితం వైపు చూసుకున్నారు.

"రేపు ఇంకో అమ్మాయి వస్తుంది. ఉద్యోగం చేసుకుంటుంది. ఆమెకి పెళ్ళి వద్దేమో. ఆమె ఇల్లు అడిగితే ముందు చెయ్యి విరిగిందేమో చూస్తారా?"

"బేటీ, హమ్ తో తుమ్హారే లియే హీ కర్ రహే హైఁ" అన్నారు త్యాగీజీ. నీ కోసమే చేస్తున్నామని, నిజంగా బాధపడుతూనే అన్నారు.

"మాలూమ్ హై అంకుల్. అందుకే వద్దంటున్నాను" అంది.

తీర్మానం నెగ్గింది. మినహాయింపుతో సహా. నేను వ్యతిరేకంగా చెయ్యెత్తాను. మా ఆయన ఎత్తారు, పై అంతస్తు ముసలమ్మ ఎత్తింది, ఇంకెవరో ఇద్దరు ముగ్గురు.

నిన్న వాసవి ఖాళీ చేసింది. లక్ష్మీ నగర్‌లో వాళ్ళ సెంటరు వెనక వీధిలో పేయింగ్ గెస్టుగా ఒక గది. నేను చాలా చెప్పాను. "ఆంటీ, వీళ్ళు కోపంగా చూసినప్పుడు నేను తలెత్తుకుని పాలు తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు జాలిగా చూస్తున్నారు. పాలబూత్ దాకా నడవలేకపోతున్నాను" అంది. తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఇల్లు అద్దంలా కడిగి వెళ్ళింది.

తాళంచెవి ఏం చెయ్యమంటారో రాయండి.

లలిత


హైదరాబాద్
8 ఫిబ్రవరి 1996

లలితా,

తాళంచెవి నీ దగ్గరే ఉంచు. నేను వస్తున్నాను.

ఢిల్లీ ఆఫీసుకి బదిలీ అడిగాను. హైదరాబాద్ వదిలి ఢిల్లీ అడిగేవాళ్ళు ఎవరుంటారు, వెంటనే ఇచ్చేశారు. మార్చి మొదటి వారంలో చేరాలి. మీ అన్నయ్యగారిని రమ్మన్నాను. ఆలోచిస్తానన్నారు. ఆయన ఆలోచన తెమిలేదాకా ఆగే ఓపిక నాకు లేదు. వంటమనిషిని మాట్లాడి పెట్టాను, మందులు ఎక్కడున్నాయో చూపించాను. ఆయన మీద కోపంతో వస్తున్నానని ఎవరైనా అడిగితే కాదని చెప్పు.

ఇందులో రెండు కాగితాలు పెడుతున్నాను. ఒకటి సదాశివరావుగారికి. ఆ నియమం మొత్తం ఎత్తెయ్యాలని వ్యవస్థాపక సభ్యురాలిగా నా ప్రతిపాదన. సంతకం, తేదీ, సభ్యత్వం అన్నీ ఆయనకి నచ్చేలా రాశాను. ప్రత్యేక సమావేశం పెట్టమని అడుగుతున్నాను. నేను రాకముందే పెట్టినా సరే. ఓడిపోతే వచ్చాక మళ్ళీ పెడతాను. ఇంజినీరు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళామో ఆయనకి గుర్తుంటుంది.

రెండోది వాసవికి. నువ్వే వెళ్ళి ఇవ్వు. అందులో ఏముందో నీకూ చెబుతాను. నేను ఆ ఇంట్లో ఒక గదిలో ఉంటాను, ఇంకో గది తనది. నాకు వండిపెట్టనక్కరలేదు, అత్తయ్యా అని పిలవనక్కరలేదు. స్టూడెంట్లు ఆదివారాలు వస్తే రానీ. నేను జాలిపడి రావడం లేదు. ఇక్కడ నా కొడుకు ఫోటో ఉన్న గదిలో రోజూ భోంచెయ్యడం కష్టంగా ఉంది. వస్తే సంతోషం. రాకపోతే లక్ష్మీ నగర్‌లోనే అప్పుడప్పుడు చూసి వస్తాను. అంతే రాశాను.

అన్నపూర్ణ


వైశాలి
26 ఫిబ్రవరి 1996

వదినా,

సదాశివరావుగారు మీ ప్రతిపాదన రెండుసార్లు చదివి, "డ్రాఫ్టు బాగుంది" అన్నారు. నిన్న ప్రత్యేక సమావేశం పెట్టారు. తన పాత తీర్మానం తానే చదివి, దానికి వ్యతిరేకంగా తానే మాట్లాడారు. "ఈ కాలనీలో అద్దెకుండే వాళ్ళ గురించి నేను ఒక ఉత్తరం రాశాను. దాని ఫలితం మీరందరూ మెట్ల మీద చూశారు. ఇలాంటి అధికారం అసోసియేషన్ చేతిలో ఉండకూడదు" అన్నారు. కాసేపు వాదనలయ్యాయి. చేతులెత్తమంటే మన వైపు కొద్దిగా ఎక్కువ లేచాయి. త్యాగీజీ అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు. మీటింగయ్యాక నా దగ్గరికి వచ్చి, "లడ్కీ వాపస్ ఆయేగీ క్యా?" అని అడిగారు. తిరిగి వస్తుందో లేదో మీకే ముందు రాయాలని, తెలియదన్నాను.

వాసవి దగ్గరికి అంతకు ముందే, గురువారం వెళ్ళాను. మీ కాగితం క్లాసు గది బయట ఇచ్చాను. నిలబడే చదివింది. మడిచి బ్యాగులో పెట్టుకుంది. గంట కొట్టారు, లోపలికి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. అద్దంలోంచి కనిపిస్తోంది. బోర్డు నిండా రాసింది, తుడిచింది, మళ్ళీ రాసింది. ఒకసారి పిల్లలు ఏదో అంటే నవ్వింది కూడా. ఆ అమ్మాయి నవ్వడం నేను చూడటం అదే మొదలు.

క్లాసయ్యాక బయట చాయ్ తాగాం. గ్లాసు కింద పెట్టి, "ఆవిడ ఎప్పుడు వస్తారు?" అంది.

"మార్చి మొదట్లో."

"ఇక్కడి గదికి ఈ నెలాఖరు దాకా అద్దె ఇచ్చేశాను. అది అయ్యాక వస్తాను."

"మీ అత్తగారికి ఏమని రాయమంటావు?" అన్నాను.

చాయ్ డబ్బులు తనే ఇచ్చింది. "కింది వాటా కదా, మార్చి వచ్చిందంటే దోమలు తినేస్తాయి. నా దోమతెర ఒక్కరికే సరిపోతుంది. ఆవిడది ఆవిణ్ణి తెచ్చుకోమనండి" అంది.

లలిత